రోడ్డు దిగని బండి

అమీర్‌పేట,
ఆదివారం

బంగారం లాంటి మా అన్నకు,

ఒకే ఊళ్లో ఉంటూ ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్ చేస్తే నువ్వే మాట్లాడతావు, నేను ఊఁ కొడతాను. ల్యాప్‌టాప్‌లో రాద్దామంటే అది నాకంటే ఎక్కువగా నీ చేతిలోనే ఉంటుంది. అందుకని కాగితం మీద రాసి, నువ్వు కూర డబ్బా ఇవ్వడానికి హాస్టల్‌కు వచ్చినప్పుడు నీ బ్యాగు జేబులో పెడుతున్నాను.

నువ్వు పుట్టినరోజుకు కొనిచ్చిన, చేతిలో పట్టుకుని ఆడే గేము సంగతి చెప్పాలి. "ఆఫీసు పని నేను జూసుకుంట, నువ్వు గిది ఆడుకో" అన్నావు. ఆడాను. నాలుగు నెలలుగా నా ఉద్యోగం అదే. ఎలుగుబంటి, బాతు, కప్ప లాంటివన్నీ చిన్న చిన్న కార్లెక్కి కొండల మీద పందెం పెట్టుకుంటాయి. నాది కప్ప. ఎప్పుడూ రెండో స్థానమో మూడో స్థానమో వచ్చేది, ఒక్కసారి కూడా లోయలో పడలేదు. నాకు బాగా వచ్చేసిందని మురిసిపోయి రూమ్మేట్ చంద్రికను పందేనికి పిలిచాను. తమ్ముళ్లతో ఆడి ఆడి ఆరితేరిన పిల్ల. రెండు నిమిషాలు చూసి, నా కారు వెనక నిలబడి ఉన్న చిన్న యాంటెన్నా చూపించింది. "గిది ఉన్నంతసేపు బండి దానంతటదే తిరుగుతదక్కా. నువ్వు చెయ్యి తీసినా రోడ్డు దిగదు" అంది. నేను నమ్మలేదు. మీటలు వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. కప్ప మలుపులు తిరిగింది, వంతెన దాటింది, నేను ముట్టుకోకుండానే ఐదో స్థానంలో వచ్చింది. చంద్రిక పడీపడీ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఎందుకంటే చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం నాకు కొత్త కాదు. ఇంటర్వ్యూ రోజు నువ్వు ల్యాప్‌టాప్ వెనక మంచం మీద కూర్చుని ట్యాబ్‌లో జవాబులు టైపు చేశావు, నేను చదివాను. ఇక్కడ గోడ గోడకూ ఇలాంటి సాయం చేస్తామనే కాగితాలే అంటించి ఉంటాయి కాబట్టి అందరూ చేసేదే అనుకున్నాను. హాస్టల్ గది నుంచే చేసే ఉద్యోగం వచ్చాక, నువ్వు ఎక్కడి నుంచో నడిపిస్తుంటే నా తెర మీద మౌస్ బాణం దానంతటదే కదలడం చూస్తూ కూర్చున్నాను. మొదట్లో సాయంత్రాలే. ఇప్పుడు పగలంతా కదులుతూనే ఉంది. నీ ఆఫీసులో పని లేదా అంటే నాదే ముందంటావు. టీమ్ వాళ్లు "బాగా చేశావు రవళీ" అని మెసేజ్ పెడితే నాకు చెమటలు పడుతున్నాయి. ఎవరైనా ఏం పని చేస్తావని అడుగుతారేమోనని మెట్రో కింద బజారుకు పోవడం కూడా మానేశాను. ఆరడుగుల గది, రెండు మంచాలు, కిటికీ తీస్తే పక్క హాస్టల్ గోడ. ఊపిరాడడం లేదన్నా.

చంద్రికతో ఆ యాంటెన్నా తీసేయించి మళ్లీ ఆడాను. తొమ్మిదిసార్లు లోయలో పడ్డాను. పడ్డప్పుడల్లా ఒక కొంగ వచ్చి ముక్కుతో పట్టి రోడ్డు మీద పెట్టింది. పన్నెండు మందిలో పన్నెండో స్థానం. నాకెంత సంతోషమేసిందో చెబితే నువ్వు నమ్మవు. రేపటి నుంచి నా పని నన్ను చెయ్యనివ్వు. తప్పులైతే అవనీ.

నీ చెల్లె
రవళి

అమీర్‌పేట,
బుధవారం

అన్నా,

ఈసారి బంగారం లేదు, గమనించు.

మొన్న నా ఉత్తరం సంగతి ఎత్తి హాస్టల్ వరండాలో కూర్చుని నవ్వావు. "మెల్లగ నేర్చుకుందువు తియ్, ఫికర్ జెయ్యకు" అన్నావు. అంతవరకూ సరే. నీకు మంచినీళ్లు తెద్దామని లోపలికి పోయి వచ్చేసరికి గేము నీ చేతిలో ఉంది. నువ్వు వెళ్లాక ఆడితే కప్ప మళ్లీ రోడ్డు దిగడం లేదు. యాంటెన్నా మళ్లీ పెట్టేశావు. ఒక బొమ్మ కారు లోయలో పడితే నీకేం పోయిందన్నా? నీ మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు.

రేపు మేనేజర్ అరుణాదేవి గారు ఆఫీసుకు రమ్మన్నారు. నాలుగు నెలల్లో చేసిన పనిని ఎదురుగా కూర్చుని నేనే వివరించాలట. నీ ఉపాయం నువ్వు చెప్పావు. చెవిలో చిన్న ఇయర్‌ఫోన్, కనబడకుండా జుట్టు వదిలేసుకోవడం, నువ్వు అవతల నుంచి అందిస్తుంటే నేను పలకడం. నేను తల ఊపాను. ఊపడం అలవాటైపోయింది.

ఇయర్‌ఫోన్ పెట్టుకోను. జడ వేసుకునే పోతాను. ఆ పని నేను చేయలేదని చెప్పేస్తాను, ఎవరు చేశారో చెప్పను. ల్యాప్‌టాప్ పాస్‌వర్డ్ కూడా మార్చేస్తున్నాను. ఉద్యోగం పోతుందని తెలుసు. సిరిసిల్లలో అమ్మ వాడంతా చెప్పుకున్న ఉద్యోగం. నువ్వు ముందే అమ్మకు ఫోన్ చేసి సర్దిచెప్పకు. తిట్లు నాకు రావాల్సినవి, నాకే రానీ. ఇది కావాలనే పోస్టులో వేస్తున్నాను, అంతా అయ్యాకే నీకు అందాలని.

రవళి

పంజాగుట్ట,
శనివారం

చిట్టితల్లి రవళికి,

నీ ఉత్తరం మీ వదినే తెచ్చి చేతికిచ్చింది. "ఒక్క స్టేషన్ దూరానికి గీ పోస్టేంది" అని నవ్వింది.

గురువారం పదకొండింటికి నీ పాస్‌వర్డ్ పనిచేయలేదు. ఆరుసార్లు కొట్టాను. తర్వాత నువ్వు ఫోన్ చేశావు. అరుణాదేవి గారు కేకలు వేయలేదనీ, ల్యాప్‌టాప్ తీసుకుని, సెక్యూరిటీ మనిషిని తోడిచ్చి గేటు దాటించారనీ చెప్పావు. నీ గొంతులో ఏడుపు లేదు. ఫోన్ పెట్టేశాక నేను ఏడ్చాను, అమీర్‌పేటలో ఒక రీడింగ్ రూంలో, పరీక్షలకు చదువుకునే పిల్లలందరూ తలలెత్తి చూస్తుండగా.

పనివేళలో నేను అక్కడెందుకున్నానంటే, నాకు ఉద్యోగం పోయి మూడు నెలలైంది. రోజూ తొమ్మిదింటికి మీ వదిన కట్టిచ్చిన డబ్బా తీసుకుని మెట్రో ఎక్కి, ఒక్క స్టేషన్ పోయి దిగిపోతాను. ఆరింటిదాకా ఆ రీడింగ్ రూంలో కూర్చుని నీ పని చేస్తాను. మొదటి నెల నిజంగా నీ కోసమే చేశాను. ఆ తర్వాత నా కోసం. పొద్దున లేచి చేయడానికి నాకంటూ మిగిలిన పని అదొక్కటే. మీ టీమ్ నిన్ను మెచ్చుకున్న రోజు నాకు అన్నం తినబుద్ధయ్యేది. నువ్వు నేర్చుకుంటానని రాసినప్పుడు నాకు భయమేసింది. నువ్వు పడతావని కాదు. పడకుండా నడిపేస్తే నేనేం చేయాలని. నిన్ను ఆ గదిలో కూర్చోబెట్టింది నేనే, ప్రేమ పేరు చెప్పి. నన్ను క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది.

మీ వదిన సంగీతకు ఇంకా తెలియదు. నేను ఇది రాస్తుంటే వంటింట్లోంచి, సోమవారం డబ్బాలోకి ఏం వండమంటావని అడుగుతోంది. నాలుగైదుసార్లు చెప్పబోయి, బెండకాయ అనో దొండకాయ అనో ఊరుకున్నాను. ఈ ఉత్తరం హాస్టల్ వాచ్‌మన్ చేతికిచ్చి వెనక్కి వచ్చేస్తాను, నీ ముఖం చూస్తే చింపేస్తానేమో.

రేపు పొద్దున ఇంటికి రా. నువ్వైతే వదినకు నెమ్మదిగా చెప్పగలవని ఒక్క క్షణం అనిపించింది. వద్దు. నేను తడబడినా అందుకోకు. నేనే చెబుతాను. నువ్వు పక్కన కూర్చో, చాలు.

మీ అన్న
రాజేందర్