స్టాండులో నీ మోపెడ్

అన్నా,

నువ్వు పోయాక నీకు ఉత్తరం రాసినవాళ్ళలో నేను మొదటివాణ్ణి కాదు. చింతామణి బస్టాండు పక్కన ప్రైవేటు బండ్ల స్టాండు నడిపేవాడు రెండు రాశాడు. మూడోది వసూలు ఏజెంటుది. బాకీ ఎగ్గొట్టి మొహం చాటేస్తున్నావని నీ మీద కేసు వేస్తాడట.

శిడ్లఘట్ట మార్కెట్టుకు బస్సులో పట్టుగూళ్ళు తీసుకుపోయే ముందు నువ్వు మోపెడ్ అక్కడ పెట్టావు. మార్కెట్టులోనే పోయావు. టోకెన్ నీ చొక్కా జేబులో ఉండిపోయి చితి మీద నీతోపాటు కాలింది. మైల తీరాక నేను వెళ్తే, టోకెన్ లేనిదే బండి ఇవ్వనన్నాడు. రోజువారీ అద్దె మాత్రం లెక్కగట్టాడు. నీ మరణపత్రం చూపిస్తే పక్కకు నెట్టి టీ తాగాడు. చిరునామా నన్నే అడిగి, కాగితాలు నీ పేరున పంపాడు.

ఇంట్లో పట్టుపురుగులు పెద్దవయ్యాయి. బండి లేక వదిన తోట నుంచి మల్బరీ ఆకు తలమీద మోస్తోంది. ఈరోజు తనే నా వెంట స్టాండుకు వచ్చింది.

"టోకెన్ యాడమ్మా?" అన్నాడు వాడు.

"ఆయనతోనే కాలిపాయ."

"అట్లయితే బండి పెట్టినాయప్పనే రమ్మను. లేదంటే బాకీ కట్టు."

"జాబులు రాస్తాండేది నువ్వు కదప్పా, నువ్వే పిలిపించు. వచ్చేదాకా ఈడ్నే కూచుంటా."

వెళ్ళి మోపెడ్ మీద కూర్చుంది. బండ్లు పెట్టడానికి వచ్చినవాళ్ళు సంగతి విని నవ్వసాగారు.

"ఏమప్పా, స్మశానానికి పోస్టు పోతాందా?" అని ఒకాయన అడిగాడు.

కాసేపటికి వాడే బండిని బయటికి తోశాడు.

వదిన ఒక్కరోజు అద్దె బల్లమీద పెట్టింది.

"ఆయన ఉండింది ఆ పొద్దు ఒగటే" అంది.