ముత్తాతకి పేరు దొరికింది

అట్లాంటా, 1978 మే

ఓజెల్లా అత్తకి ముద్దులతో,

కార్డు మీద చోటు లేదు, ఒక్క ముక్క. బానిసత్వం నాటి కాగితాల్లో నీ ముత్తాత దొరికాడు. ప్రిన్స్! మిగతాది తర్వాత రాస్తాను. ఆయన సమాధి రాయి చెక్కేవాణ్ణి కాస్త ఆగమను.

నీ మేనకోడలు,
వెర్డీన్

---

వెర్డీన్ తల్లీ,

రాజకుమారుడా! నాకెప్పుడూ అనుమానమే, మనవాళ్ల ముక్కులే చెబుతాయి. ఆదివారం చర్చిలో లేచి చెప్పేశాను. ఏ దేశపు యువరాజని పాస్టరుగారు అడిగితే ఆఫ్రికా అన్నాను. అంతా మనదేగా.

దీవెనలతో,
అత్త

తా.క. ముందు వరసలో కూర్చున్న లూరా బెల్ మొహం మాడిపోయింది. వాళ్ల తాత ఒట్టి వడ్రంగి.

---

అత్తా,

కొంప ముంచావు. ప్రిన్స్ బిరుదు కాదు, పేరు. మనవాళ్లని కొన్న టార్వర్ దొర చచ్చాక రాసిన ఆస్తి జాబితాలో కంచరగాడిదల కింద ఉంది. దొరలు బానిసలకి ఇలాంటి పేర్లు కుక్కకి పెట్టినట్టు వేళాకోళానికి పెట్టేవారు. పైగా బానిసలు విడుదలయ్యాక ప్రిన్స్ జాడే లేదు. 1870 జనాభా లెక్కల్లో మన కెజియా ముత్తవ్వ ఇంటి యజమాని 'మిస్టర్ టార్వర్' అని ఉంది.

ఇట్లు,
వెర్డీన్

తా.క. చర్చిలో ఇంకేమీ చెప్పకు.

---

వెర్డీన్‌కి,

చెప్పేశాను. ఆ దొర కొడుకు మన ముత్తవ్వ ఇంట్లో ఏం చేస్తున్నాడే? ఆవిడ మొగుణ్ణి ఏం చేశారు? ఆ రోజుల్లో జార్జియాలో నల్లవాణ్ణి 'మిస్టర్' అన్న తెల్లవాడు పుట్టలేదు. నా జుట్టు నెరిసేదాకా నన్నే 'ఏయ్ పిల్లా' అన్నారు. వాళ్ల ఇంటిపేరు మనం మోస్తున్నది చాలు, ఆ దొర పేరు మన రాతి మీద పడదు గాక పడదు. వెతుకు.

అత్త

తా.క. లూరా బెల్ పీచ్ పళ్లు కూరిన తీపి రొట్టె పట్టుకుని ఓదార్చడానికొచ్చింది. అసలు బాధ అదీ.

---

అత్తా,

కూర్చుని చదువు. విడుదలైనవాళ్ల పెళ్లిళ్లు నమోదు చేసిన పుస్తకంలో 'కెజియా భర్త, ఇదివరకు ప్రిన్స్' అని ఉంది. పక్కన గుమాస్తా చిరాగ్గా రాసుకున్నాడు: "కొత్త పేరేమిటంటే మిస్టర్ అంటాడు. అది పేరు కాదన్నాను. ఇవాళ్టి నుంచి తనకదే పేరన్నాడు. కదలడు. రాశాను."

దొర ఎవరూ రాలేదత్తా. ఆ ప్రిన్సే ఈ మిస్టర్. పేరు పెట్టి పిలవాలంటే ఎవరైనా సరే మర్యాద ఇవ్వక తప్పదు.

నీ వెర్డీన్

తా.క. జనాభా కాగితంలో రంగు గడిలో 'నలుపు' అని ఉంది. నేనే చూళ్లేదు.

---

నా బంగారు తల్లీ,

చదివి ఏడ్చాను, నవ్వాను, మళ్లీ ఏడ్చాను. ఇవాళ రాళ్లు చెక్కే ముసలి తెల్లాయన దగ్గరికి వెళ్లాను. చీటీ చూసి, "మిస్టర్ తీసేద్దామమ్మా, అసలు పేరు చెప్పు" అన్నాడు.

"అదే అసలు పేరు. ఏదీ, పైకి చదువు" అన్నాను.

కళ్లజోడు సర్దుకుని, "మిస్టర్ టార్వర్" అన్నాడు.

వినపడలేదన్నాను. మళ్లీ చదివాడు. "ఇంకాస్త గట్టిగా" అన్నాను.

నీ అత్త,
ఓజెల్లా టార్వర్

తా.క. నా చెవులకేం కాలేదు, కంగారు పడకు.