మూడు నీళ్లు

గురువారం రాత్రి, భద్రాచలం

నిద్ర పట్టడం లేదు. జుట్టు ఇంకా తడిగానే ఉంది.

కొత్త వాషింగ్ మెషిన్ ఇవాళ కూడా చక్కగానే ఉతికింది. ఆయన తెల్ల కుర్తా కాలర్ మీద మరక లేదు. ఎకో బటన్ నొక్కితే కరెంటూ, నీళ్లూ తక్కువే ఖర్చవుతాయి. అయినా నేను వంటింట్లోంచి వచ్చేసరికి అత్తమ్మ ఆ బట్టలన్నీ నల్లా కింద పెట్టి మళ్లీ జాడిస్తోంది. ఆమె మణికట్టు నొప్పి చూడలేకే కదా ఆ మెషిన్ కొన్నది!

"ఏంది అత్తమ్మా, మళ్ల తడుపుతున్నవ్?" అన్నాను విసుగ్గా.

"మురికి పోవుడు వేరు బేటా, నమాజుకు పాక్ అవుడు, శుద్ధి అవుడు వేరు. మెషిన్ తలుపు అద్దంలకెళ్లి చూస్తనే ఉన్న, గిన్నెడు నీళ్లల్ల బొర్లుతున్నయ్. మూడు నీళ్లు పోవాలె."

ఇంకోసారి జాడించే బటన్ కూడా ఉందని చూపించాను. "అవ్, మంచిదే" అంది. చెయ్యి మాత్రం నల్లా దగ్గర నుంచి కదల్లేదు. మెషిన్ మిగిల్చిన నీళ్లన్నీ మోరీలోకి పోతుంటే ఒళ్లు మండింది. మాటకు మాట అనేసి లోపలికి వచ్చేశాను.

రాత్రి ఇషా నమాజుకు నా దుపట్టా తీసుకున్నాను. మెషిన్‌లోంచి తీసి నేరుగా నేనే ఆరేసుకున్నది. తళతళలాడుతోంది. జానమాజ్ పరిచి నిలబడ్డాను కానీ మనసు నిలవలేదు. గిన్నెడు నీళ్లు...

బాత్‌రూమ్ తలుపు వేసుకుని చప్పుడు కాకుండా నల్లా తిప్పాను. మూడుసార్లు జాడించి, పిండీ పిండకుండానే తల మీద వేసుకుంటుంటే తలుపు అవతల నుంచి అత్తమ్మ గొంతు వినిపించింది.

"జర గట్టిగ పిండు బేటా, సర్ది అయితది."