కొడవలి చేసిందేమీ లేదు

అమ్మకు,

నీ పెద్దకూతురు అప్పలలక్ష్మి నర్సీపట్నం నుంచి దండం పెట్టి రాస్తున్నది. నేను, చినబాబు బావ, పిల్ల గౌతమి ముగ్గురం బాగానే ఉన్నాం. బాగానే అంటే ఈ వారం ఆసుపత్రికి పోలేదని అర్థం. కొండమీద నువ్వూ చెల్లీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మన ఊళ్లో ఫోను పలకదు గనక సరిపోయింది, పలికినా ఈ సంగతులు నోటితో చెప్పలేకపోయేదాన్ని. తొందరేం లేదు, కూడబలుక్కుని నువ్వే చదువుకో. ఎవరిచేతా చదివించవద్దు.

గౌతమికి ఎలా ఉందని అడిగావు. అమావాస్య వెళ్లాక మళ్లీ కాళ్లూ చేతులూ పట్టేశాయి. "ఎముకల్లోన నొప్పెడతందే అమ్మా, బేగి కాపడమెట్టు" అని ఒకటే ఏడుపు. బావ ఆటోలో ఇక్కడి ఆసుపత్రికి, అక్కడి నుంచి విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. సెలైన్ ఎక్కించారు, నొప్పికి ఇంజెక్షన్ చేశారు. డాక్టరమ్మ వస్తే లేచే ఓపిక లేక కూర్చునే దండం పెట్టాను. అలిసిపోయానమ్మా. నడుమూ కాళ్లూ కాదు, లోపలెక్కడో.

ఇప్పుడు రోజూ మాత్ర వేస్తున్నాను. నీళ్లు బాగా తాగించమన్నారు, చలిలో తిప్పవద్దన్నారు. ఒళ్లు వెచ్చబడితే పసర్లంటూ కూర్చోకుండా వెంటనే తెచ్చెయ్యమన్నారు. నువ్వు పంపిన తాయెత్తు కట్టాను, మాత్ర మాత్రం మానలేదు. దేని దారి దానిది.

ఇంట్లో కొడవళ్లన్నీ పక్కింటి సింగన్నకి ఇచ్చేశానని, చోడి చేలో రాగి వెన్నులు చేత్తోనే తుంచుతున్నానని రాశావు. నవ్వొచ్చింది, ఆ వెంటనే నన్ను నేనే తిట్టుకున్నాను. అంతా నా నోటి వల్లే. మొన్న వచ్చినప్పుడు "కొడవలి జబ్బంట" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. నువ్వేమో, కడుపుతో ఉన్నదాన్ని కోతకి పంపానే, నడుంలో కొడవలి దోపుకుని తిరిగిందే, అదే పిల్లకి తగిలిందని నీలో నువ్వు కుమిలిపోతున్నావు. అది కాదమ్మా. అందరి రక్తంలోనూ ఎర్రకణాలు గుండ్రంగా, మెత్తగా ఉంటాయట. దీని ఒంట్లో అవి కొడవల్లా వంగిపోయి, సన్నటి నరాల్లో చిక్కుకుంటాయి. అప్పుడు నొప్పి. పేరు కొడవలిదే గానీ కొడవలి చేసిందేమీ లేదు. పోయి తెచ్చుకో, చేత్తో తుంచితే వేళ్లు కోసుకుపోతాయి.

మరి ఎలా వచ్చిందంటావు. ఆ జబ్బు నాలో సగం, బావలో సగం దాగి ఉందట. మాకే నొప్పీ లేదు. ఆ రెండు సగాలూ కలిసి పిల్లకి నిండుగా వచ్చింది. "మేనరికమా?" అని డాక్టరమ్మ అడిగింది. "అవునండి, మాయమ్మ సొంత అన్నయ్య కొడుకేనండి" అన్నాను. "మీ కొండల్లో చాలామందిలో ఉంటుందమ్మా. దగ్గర రక్తమైతే ఇద్దరిలోనూ ఉండే వీలు ఎక్కువ. ఇకమీదైనా మీ ఇళ్లలో పెళ్లికి ముందే పరీక్ష చేయించండి" అంది.

చెల్లి తలుపులమ్మకీ మా మరిది గోవింద్‌కీ ఎప్పుడు ముహూర్తం పెట్టమంటావని అడిగావు. నా చెల్లే నాకు తోడికోడలు అవుతుందంటే నాకు చేదా? కానీ నీకు చెప్పకుండా ఒక పని చేశాను, చెల్లినీ చెప్పవద్దన్నాను. చీరలు చూస్తానని అది నా దగ్గరికి వచ్చింది కదా, బట్టల కొట్టుకంటే ముందు ఆసుపత్రికి తీసుకెళ్లాను. గోవింద్‌నీ రమ్మన్నాను. ఇద్దరికీ రక్తం తీశారు. ఇద్దరిలోనూ ఉందమ్మా, మాలాగే.

"నలుగురు పుడితే ఒక్కలికే వత్తాదంట గదే అప్పా" అంది తలుపులు. పుట్టిన ప్రతిసారీ అదే భయం అని డాక్టరమ్మ చెప్పిన మాట దానికి ఎక్కలేదు. "ఆ ఒక్కలూ ముందే పుడితే ఏటి సేత్తావే? నాకు ముందే పుట్టింది" అన్నాను. గోవింద్ తల వంచుకుని, "మా నాయినికి నాను సెప్పలేను వదినా. అత్త సెప్తే ఇంటాడేమో" అన్నాడు.

అంటే నువ్వే చెప్పాలి. నాన్న పోయాక మనకి అండగా నిలబడింది ఆ మావయ్యే. ఆయన ముఖం మీద "పిల్లనివ్వను" అనడం నీకెంత కష్టమో నాకు తెలుసు. ఆయన మళ్లీ నీ గడప తొక్కకపోవచ్చు. అత్తింట్లో నా మీద నిందా రావచ్చు, అది నేను పడతాను. తెలిసే అడుగుతున్నాను.

ఇంకొక్క మాట ఉంది, బావకి కూడా చెప్పలేదు. పెద్దాసుపత్రిలో గౌతమి నొప్పికి మెలికలు తిరిగిపోతుంటే, దీన్ని కనకుండా ఉంటే బాగుండేదని అనుకున్నాను. నా బంగారాన్ని, కన్నతల్లినైన నేనే అలా అనుకున్నాను. అప్పుడది నా చెయ్యి పట్టుకునే ఉంది. తలుపులు ఏ రోజూ తన బిడ్డ గురించి అలా అనుకోకూడదమ్మా. మావయ్యకి కాదని చెప్పు.

ఇట్లు,
నీ పెద్దకూతురు
అప్పలలక్ష్మి