సత్యభామకు చెప్పని కేసు

వెర్రిబీ, సోమవారం

చిరంజీవి శ్రీదివ్యకు బాబాయ్ ఆశీస్సులు.

లాయరువి కదా, ఇక నువ్వే దిక్కు. ఫోన్ చేస్తే మీ సత్యభామ పిన్ని వింటుందని ఈమెయిల్ రాస్తున్నాను. మా వీధి వాట్సాప్ గ్రూపులో ఎవరేం పెట్టినా బొటనవేలు గుర్తు పెట్టడం నా అలవాటు. అది మర్యాద అనుకున్నాను. నిన్న ఎవరో, ఎండలూ వరదలూ ముదురుతున్నా గవర్నమెంటు పట్టించుకోవడం లేదు, కోర్టుకెళ్తున్నాం, కలుస్తారా అని పెట్టారు. దానికీ పెట్టేశాను. వెంటనే "వెల్‌కమ్ ద్వారకానాథ్" అన్నారు. వచ్చే శుక్రవారం నా ఆస్ట్రేలియా సిటిజన్‌షిప్ ప్రమాణం. కేసు వేసినవాడికి ఇస్తారా? ముద్ద దిగడం లేదు.

మీ బాబాయ్, ద్వారకానాథ్

తా.క. పక్కింటావిడ కుక్క పోయిందన్నప్పుడూ బొటనవేలే పెట్టాను. అది ఏ సెక్షన్ కిందికొస్తుంది?

డార్విన్, మంగళవారం

బాబాయ్‌కి నమస్కారాలు.

కంగారుపడకండి. అంత భయమైతే తప్పుకుంటున్నానని ఒక్క ముక్క రాయండి. ఆ కేసు గురించి నేనింతకంటే మాట్లాడకూడదు.

శ్రీదివ్య

తా.క. ముందు పిన్నితో చెప్పండి.

వెర్రిబీ, బుధవారం

చిరంజీవి శ్రీదివ్యకు,

మాట్లాడకూడదన్నావంటే వ్యవహారం ముదిరిందన్నమాట. ఒక్క ముక్క చాలదని, బొటనవేలు పెట్టిన ప్రతి మెసేజ్ కిందా "నా సమ్మతి వెనక్కి తీసుకుంటున్నాను" అని రాశాను. పాత వాటికి కూడా. పాప పుట్టిందని పెట్టిన నికిత, "మా పాపతో మీకేంటి ప్రాబ్లమ్ అంకుల్?" అని అడిగింది. బార్బెక్యూ విందుకు పిలిచిన కుశాల్ మొహం తిప్పుకున్నాడు. కుక్క పోయినావిడ మాత్రం కాస్త సంతోషించింది.

మీ పిన్నికి చెప్పలేను. పోయిన వేసవిలో బస్టాపులో ఎండకు పడిపోయి ఆసుపత్రి పాలైన మనిషి. ఇప్పుడిప్పుడే లైబ్రరీలో అల్లికల క్లాసుకెళ్లి కులాసాగా ఉంటోంది.

దిక్కుతోచని బాబాయ్

తా.క. కేసులో మొదటి పేరు ఎవరో ఆడమనిషిదట. ఆవిడ మొగుడు ఎంత నోట్లో నాలుక లేనివాడో పాపం.

డార్విన్, గురువారం

బాబాయ్‌కి నమస్కారాలు.

ఆ కేసులో లాయరును నేనే. క్లయింటు ఒప్పుకోనిదే లాయరు నోరు విప్పకూడదు. నిన్న గ్రూపులో మీ రాతలన్నీ చదివి, ఆవిడే ఇక చెప్పెయ్యమంది. ఆ మొదటి పేరు పిన్నిది. లైబ్రరీలో అల్లికలు లేవు, కేసు మీటింగులే. ఆసుపత్రి మంచం మీదే నిశ్చయించుకుందట. మీ ప్రమాణం అయ్యేదాకా మీకు తెలియనివ్వొద్దంది, మీరు తట్టుకోలేరని. కేసు వేస్తే సిటిజన్‌షిప్ ఆగదు బాబాయ్. కానీ మీరు సమ్మతి వెనక్కి తీసుకున్నది చూసి పిన్ని మనసు నొచ్చుకుంది.

శ్రీదివ్య

తా.క. ఆ శుక్రవారం పొద్దున మీ ప్రమాణం, మధ్యాహ్నం మీ డైనింగ్ టేబుల్ దగ్గర ఆన్‌లైన్లో పిన్ని మొదటి విచారణ. "కోటు విప్పకుండా వచ్చి నా పక్కన కూర్చుంటే చాలు, ఏమీ మాట్లాడక్కర్లేదు" అని మీకు చెప్పమంది.