అరకిలో ఎక్కువ తూగిన సంచి

మార్చి పదహారు, ఆదివారం. పొద్దున మబ్బు పట్టింది, మధ్యాహ్నానికి ఎండ తేలింది. వంటింటి కుళాయికి వాషరు మార్చాను, చుక్క కారడం ఆగింది.

చిరంజీవి తులానికి నాన్న దీవెనలు.

రోజూ లెక్కల పుస్తకంలో రాసుకునే ముక్కలు ఉత్తరం మీద కూడా పడ్డాయి, ఏమీ అనుకోకు. అవి పడితే గాని నా కలం కదలదు. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. నువ్వూ బాగున్నావనీ, వేళకు తింటున్నావనీ నమ్ముతున్నాను. నమ్ముతున్నానని రాస్తుంటే మీ అమ్మ వెనక నుంచి చూసి, నమ్మడం కాదు అడగమంటోంది. అందుకని అడుగుతున్నాను. తింటున్నావా?

నీ ఉత్తరం పోయిన సోమవారం అందింది. ఫోనులో అడిగితే తేలిపోయేదానికి ఉత్తరం ఎందుకని నీ గదిలో అమ్మాయి నవ్విందని రాశావు. మా నాన్న ఫోనులో 'ఊఁ' అనడం తప్ప ఇంకేమీ అనడు, కాగితం మీద కాస్త నయం అని ఆ అమ్మాయికి చెప్పు.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు. అమ్మ మోకాలు ఫరవాలేదు. క్లినిక్కులో ఫోను దగ్గర కూర్చునే కుర్చీ మార్చి కొంచెం ఎత్తుది ఇచ్చారు. ఇప్పుడు డాక్టరు కంటే తనే ఎత్తులో కనిపిస్తున్నానని, వచ్చినవాళ్లు ముందు తనకే దండం పెడుతున్నారని చెప్పుకుంటోంది. మెట్ల దగ్గర బల్బు కింది వాటా దర్జీ మార్చాడు. పిల్లి తిరిగొచ్చింది. ఇన్నాళ్లూ ఎవరింట్లో తిన్నదో గాని బాగా ఒళ్లు చేసింది, మనింటి పాలు ఇప్పుడు దానికి ఆనడం లేదు.

ఇక మిగిలింది లాప్‌టాప్ సంగతి. దాన్ని చివరికి పెట్టానని నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

నువ్వు రాసింది నాకు సరిగా అర్థమైందో లేదో ముందు తిరిగి రాస్తాను, తప్పుంటే దిద్దు. రెండు లాప్‌టాప్‌లు ఉన్నాయి. ఒకటి లావుది, ఆటలు ఆడేవాళ్లు కొనేది, బొమ్మలు గీయడానికి లోపల విడిగా ఒక చిప్పు ఉన్నది. అది ఉంటే నువ్వు ఆటలను తయారుచేసే జట్టులో చేరవచ్చు. చేరితే శనివారాలు కూడా అక్కడే పని, ఇంటికి రావడం సెలవుల్లోనే. రెండోది పల్చనిది, చేతిసంచిలో పట్టేది. దానితో ఆటలు కట్టడం కుదరదు గాని, ఆట ఎలా ఉండాలో రాసి, పటాలు వేసి ఇచ్చే జట్టులో పని చేసుకోవచ్చు. ఆ పని ఎక్కడ కూర్చునైనా చేయవచ్చు కనుక శుక్రవారం బస్సెక్కి ఇంటికి వచ్చి సోమవారం వెళ్లిపోవచ్చు. ఏ జట్టో నెలాఖరులోగా మీ మేడంకు చెప్పాలి. ధర రెండింటికీ ఇంచుమించు ఒకటే, కాబట్టి డబ్బు ఈ తగువు తీర్చదు. మొదటి జట్టు పని నీకు ఇష్టమని రాశావు. ఇంటికి రావడమూ ఇష్టమని రాశావు. చివర, "నాన్నా, నువ్వు తూచి చెప్పు. నువ్వు ఏది చెబితే అదే" అని రాశావు.

నువ్వు మాటవరసకు అన్నావేమో. కాటాలు బాగుచేసుకునేవాడికి తూచమని రాస్తే వాడు తూచకుండా ఎలా ఉంటాడు?

మర్నాడు స్ప్రింగు కాటా జేబులో వేసుకుని లాప్‌టాప్‌ల షాపుకు వెళ్లాను. అక్కడ అమ్మే అమ్మాయి మంచిది. రెండూ తెచ్చి బల్ల మీద పెట్టి, స్పీడు ఎంతో, లోపల జాగా ఎంతో చెప్పసాగింది. నేను కాటా తీశాను. "అంకుల్, అందరూ స్పీడు చూస్తారు, మీరేంటి ఉల్లిపాయలు కొన్నట్టు తూస్తున్నారు?" అంది. మోసే మనిషికి ముందు తెలిసేది బరువే కదమ్మా అన్నాను. లావుది కాగితంలో రాసినట్టే రెండు కిలోల నాలుగు వందలు తూగింది. అయితే దాని ఛార్జరు ఇటుకంత ఉంది, ఆ బరువు కాగితంలో లేదు. అదొక ఏడు వందలు. అది వెంట లేకపోతే పని మధ్యలో ఆగిపోతుందట, కాబట్టి కలిపి చూడాల్సిందే. మొత్తం మూడు కిలోల నూరు. పల్చనిది ఛార్జరుతో కలిపినా కిలోన్నరకు లోపే.

అంకె తెలిస్తే సరిపోదు, భుజానికి తెలియాలి అనుకున్నాను. నీ హాస్టలు నుంచి కాలేజీకి నడక, బస్సు, పైన లిఫ్టు పనిచేయని మూడంతస్తులు. నాకు ఇంటికీ మన కాటాల షాపుకూ మధ్య రైలు పట్టాల మీది వంతెన ఉంది, ఆ మెట్లు దాదాపు అంతే. అందుకని నీ పాత కాలేజీ సంచి తీసి, అక్కడి నుంచి తెచ్చిన తూకపు రాళ్లు బట్టలో చుట్టి అందులో పెట్టి, బుధవారం నుంచి అది తగిలించుకునే వెళ్లివస్తున్నాను. వీధిలో వాళ్లు అడగలేదు గాని మీ అమ్మ ఊరుకుంటుందా. ఈ వయసులో బడికి పోతున్నారా అంది. టిఫిను డబ్బా కూడా సర్దనా అంది. సంచిలో ఏముందో చెప్పాను. ఆ రాత్రి భుజానికి మందు రాసింది.

శుక్రవారం సాయంత్రం నేను వచ్చేసరికి సంచి దించబోతే తను అందుకుంది. అందుకోగానే చెయ్యి కిందికి జారింది. ఎంత బరువన్నారు అని అడిగింది. మూడు కిలోల నూరు అన్నాను. తను సంచి విప్పి రాళ్లు ఒక్కొక్కటి తీసి భోజనాల బల్ల మీద పెట్టింది. రెండు కిలోలది. కిలోది. వంద గ్రాములది. అడుగున ఇంకొకటి ఉంది, అరకిలోది. దాన్ని విడిగా, కొంచెం దూరంగా పెట్టింది.

తర్వాత మీ అమ్మ అంది:

"దాని పసితనంలో నేను అంత బతిమాలినా మీరు కాటా మీద వేలు పెట్టలేదు."

ఆ సంగతి నీకు కొంత తెలుసు. నువ్వు నెలలు నిండకుండా పుట్టావు. ఇది బిడ్డా, తులం బంగారమా అని నర్సమ్మ అన్న మాటే నీకు పేరైంది. ప్రతి ఆదివారం నిన్ను షాపుకు తీసుకొచ్చి, పెద్ద తక్కెడ పళ్లెంలో తువ్వాలు పరిచి పడుకోబెట్టి తూచేవాళ్లం. నీకు తెలియనిది ఒకటుంది. కొన్ని వారాలు నువ్వు పెరగలేదు. అప్పుడు మీ అమ్మ నా చెయ్యి పట్టుకుని, ఈ ఒక్కవారం కాస్త పెరిగిందని చెప్పండి, నాకోసం చెప్పండి అని ఏడ్చేది. నేను ముల్లు ఎక్కడ నిలిస్తే అదే చెప్పేవాణ్ణి. ఆ అంకె చూసి డాక్టరు పాలు మార్చాలి, మందు మార్చాలి. నేను మెత్తబడితే నష్టం నీకు. అంత కఠినంగా ఉన్నందుకు మీ అమ్మ నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు.

ఆ అరకిలో రాయి సంచిలోకి ఎలా వచ్చిందో రాస్తాను. చెయ్యి దానంతటదే వెళ్లిందని రాయబోయాను, అలా రాయను. తెలిసే పెట్టాను. బుధవారం పొద్దున మూడు రాళ్లూ పెట్టి సంచి ఎత్తి చూశాను. అనుకున్నంత బరువు లేదు. నువ్వు సులువుగా మోస్తావు. అది తెలియగానే సంతోషం కలగాలి కదా, కలగలేదు. శుక్రవారం రాత్రి బస్సు దిగి మెట్ల మీద నుంచే 'అమ్మా, ఆకలి' అని నువ్వు అరిచే అరుపు ఇక ఉండదని అనిపించింది. అప్పుడు అల్మరాలోంచి ఆ రాయి తీసి అడుగున వేశాను. నాలుగు రోజులు మోసి, నిజంగా భుజం నొప్పి పుట్టాక, 'మోసి చూశాను తల్లీ, బరువు, వద్దు' అని రాస్తే అందులో అబద్ధమేముంది అనుకున్నాను. నొప్పి నిజమే కదా. ఇన్నేళ్లుగా ఎందరో దుకాణదారులు పళ్లెం అడుగున మైనం ముక్క అంటించి తెస్తే గీకి పారేసి పంపించాను. వాళ్లూ ఇలాగే ఏదో ఒకటి అనుకునే అంటించి ఉంటారు.

నిన్న శనివారం అరకిలో తీసేసి, సరైన బరువుతో వంతెన ఎక్కి దిగాను. భుజం కొద్దిగా పట్టింది. అంతే. అటునుంచి అటే మళ్లీ లాప్‌టాప్‌ల షాపుకు వెళ్లాను. పోయిన సెలవుల్లో నువ్వు సొరుగులో మరిచిపోయిన పెన్‌డ్రైవు తీసుకెళ్లాను. అందులో నువ్వు సగం చేసిన పడవ ఆట ఉందని నాకు తెలుసు. అడగకుండా చూసినందుకు కోప్పడకు. ఆ అమ్మాయి ఓనరును అడిగి రెండింటిలోనూ పెట్టి చూపించింది. పల్చనిదానిలో నీళ్లు గాజుపలకలా బిగుసుకుపోయాయి. పడవ ఒక్కో అడుగుకీ ఆగి ఆలోచించుకుంటోంది. లావుదానిలో నీళ్లు పారాయి. అయితే దాని ఫ్యాను మన పాత టేబుల్ ఫ్యానంత చప్పుడు చేస్తుంది, అడుగున చెయ్యి పెడితే కాలింది, ఒళ్లో పెట్టుకుని పని చేయకు. ఇవీ తూకంలో ఉండాల్సినవే, అందుకే రాస్తున్నాను.

ఏ మీట నొక్కాలో ఆ అమ్మాయి చెబుతుంటే పడవలో ఒక పక్క మూట వేశాను. ఆ పక్క కిందికి దిగింది. రెండో పక్క ఇంకొకటి వేశాను. పడవ అటు ఒకసారి, ఇటు ఒకసారి ఊగి, ఆ ఊపు తగ్గుతూ తగ్గుతూ నిలబడింది. ముల్లు నిలిచే ముందు అచ్చం అలాగే ఊగుతుంది. చిన్నప్పుడు నువ్వు బల్ల కింద కూర్చుని గంటలకొద్దీ చూసేదానివి, నేను పనిలో ఉండి పట్టించుకోలేదు. షాపులో నేను ఎంతసేపు అలా మూటలు వేస్తూ తీస్తూ ఉన్నానో గాని, "అంకుల్, ఆట గెలవాలంటే అవతలి ఒడ్డుకు పోవాలి" అని ఆ అమ్మాయి గుర్తు చేసింది. పోవాలని లేదమ్మా అన్నాను.

లావుదే తీసుకో, తులం. రెండు భుజాలకూ తగిలించుకునే సంచి కొనుక్కో, ఒక భుజానిది వద్దు. ఛార్జరు వీపు వైపు అడుగున పెట్టుకో, బరువు తక్కువ తెలుస్తుంది.

ఇంటికి రావడం, రాకపోవడం అన్నది వేరే తూకం. దాన్ని తెచ్చి నీ సంచిలో కలపడమే నేను చేసిన తప్పు. ఆ అరకిలో నీ లాప్‌టాప్‌ది కాదు, మాది. మేమే మోసుకుంటాం. మీ అమ్మ అప్పుడే నీ దగ్గరికి వచ్చే శనివారం బస్సుల వేళలు కనుక్కొచ్చింది. సాయంత్రం నీ పని అయ్యాక ఒక గంట కాలేజీ గేటు దగ్గర కూర్చుందాం. నేను మాట్లాడను, నీకు తెలుసు. అమ్మ మాట్లాడుతుంది.

ఈ ఉత్తరం నీకు పంపే ముందు అమ్మకు చదివి వినిపించాను. రాయి సంగతి తీసేస్తానేమోనని చూసిందట. తీసేయలేదని తెలిశాక లేచి వెళ్లి టీ పెట్టింది.

ఇట్లు,
నీ తూకం ఎప్పుడూ సరిగా చెప్పాలనుకునే
నాన్న

సాయంత్రం. గాలి లేచింది. కాగితాలు ఎగరకుండా అరకిలో రాయి వాటి మీద పెట్టాను. రేపు షాపుకు వెళ్లేటప్పుడు దాన్ని తీసుకెళ్లి మిగతా రాళ్ల పక్కన దాని చోట పెట్టేయాలి.