తోకకు కట్టిన తాడు

భావనపాడు

ప్రియమైన డాక్టరమ్మా,

టెక్కలి పశువుల ఆసుపత్రిలో పెద్ద కుర్చీ దొరికాక నా ఫోను ఎత్తడం మానేశావు. అందుకే ఎండుచేపలు అమ్మడానికి వస్తున్న మా అత్త చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. మా ఒడ్డున చచ్చిన డాల్ఫిన్‌ను కోసి, ఏదో సీసాలో వేసుకెళ్లావు. పదో తరగతి దాకా నా పక్కన కూర్చున్నదానివి, నా ముఖమైనా చూడలేదు. ఆ సాయంత్రమే అటవీశాఖవాళ్లు వచ్చి, మా ఆయన రాజేష్ దాన్ని వలతో చంపాడని పడవకు తాళం వేశారు. కేసు పడితే జైలేనట. వాళ్లకు నువ్వేం చెప్పావు? ఆ సీసాలో ఏముంది?

ఒకప్పటి నీ మోహిని

టెక్కలి

ప్రియమైన మోహినీ,

కేసు తేలేదాకా మీతో ఫోనులో మాట్లాడొద్దన్నారు, అంతే. సీసాలో ఉన్నవి పురుగులు. దాని ఊపిరితిత్తుల నిండా సేమ్యాలాంటి తెల్లటి పురుగులు. అది దారి కనుక్కునే చెవుల్లోనూ ఉన్నాయి. ఊపిరాడక, దారి తెలియక ఒడ్డుకు వచ్చేసింది పాపం. వల గాటు ఒక్కటీ లేదు. కానీ తోక చుట్టూ తాడు ఒరుసుకున్న గాయం ఉంది, దాని కింద నెత్తురు గడ్డకట్టింది. చచ్చాక తాడు కడితే నెత్తురు అలా గడ్డకట్టదు. చచ్చాకే చూశామని కదా రాజేష్ చెప్పాడు? నువ్వూ ఏదో దాస్తున్నావని నా అనుమానం. రిపోర్టు ఇంకా పంపలేదు.

నీ జవాబు కోసం చూసే
నాగసుధ

భావనపాడు

సుధా,

నిజం చెబితే అదే రాసి మమ్మల్ని ముంచుతావేమోనని భయంగానే ఉంది. అయినా చెబుతున్నాను. పొద్దున్న అది ఒడ్డున బతికే ఉంది. మా అత్త పసుపు, కుంకుమ చల్లి, "గంగమ్మ బిడ్డరా ఇది. గట్టున సత్తే ఊరికి మంచిది కాదు, నీళ్లలోకి అంపేయండి" అంది. మావాళ్లు ఎప్పుడూ చేసేదే. తోకకు తాడు కట్టి పడవతో లోతుకు లాగారు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ లాగారు. ఆఖరికి శవమై కొట్టుకొచ్చింది. ముట్టుకున్నా కేసేనని ఎవరో అంటే హడలిపోయి దాచాం. బతికించాలనే లాగాం సుధా. ముడి వేసింది నేనే.

నమ్మితే నమ్ము,
మోహిని

టెక్కలి

ప్రియమైన మోహినీ,

నమ్మాను. పురుగుల రోగమని, వల కాదని, తాడు కట్టింది కాపాడటానికేనని రాసిచ్చాను. పడవ తాళం తీస్తామన్నారు. నిన్ను అనుమానించినందుకు సిగ్గుగా ఉంది.

ఇంకొకటి కూడా రాశాను. అది నా నోటనే వినాలి నువ్వు. డాల్ఫిన్ మనలాగే గాలి పీలుస్తుంది, దాని ముక్కు నడినెత్తిన ఉంటుంది. తోక పట్టి లాగితే తల మునిగిపోతుంది. పురుగులతో ఎలాగూ బతికేది కాదు. కానీ ఆ రోజు ప్రాణం తీసింది నీళ్లు. ఈసారి ఏదైనా వస్తే లాగకండి. తడిగుడ్డ కప్పి, నెత్తి మీది రంధ్రం మూయకుండా ఉంచి, కబురు పెట్టండి.

నీ సుధ

భావనపాడు

ప్రియమైన సుధా,

పడవ వచ్చింది. గంగమ్మకు చేసిన సేవ ఊరికే పోలేదని అత్త వాడంతా చెప్పుకుంటోంది. పురుగులే కదా చంపాయి అని ఆయన అడిగితే అవునన్నాను. రెండో సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

నిన్న బారువ దగ్గర ఇంకొకటి ఒడ్డుకొచ్చిందని తెలిసి ఆయన తాడు తీసుకుని బయలుదేరాడు. ఇక తప్పక నీ ఉత్తరం చదివి వినిపించాను. తాడు పక్కన పడేశాడు. ఒక్కటే అడిగాడు. "మా అయ్య కాడి నుంచి ఎన్నింటిని లాగినామే?"

నీకు అంచనా ఉన్నా, నాకు రాయకు.

నీ మోహిని